ఎక్కం ఎక్కడ దాక్కుంది?

(ఒడిశాలోని బరంపురంలో జరిగిన ఒక తెలుగువారి సభలో విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం ఇది. చివర్లో సభికుల ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినబడుతోందా? సరే.

ముందుగా మీకో పరీక్ష. ఏడెనిమిదులు ఎంత? నోటితో చెప్పకండి, మనసులో అనుకోండి చాలు.

చూశారా, నేను ఇక్కణ్ణించి మీ పెదాలే చూస్తున్నాను. సగం మంది తెలుగులో అనుకోలేదు. "సాత ఆఠే ఛపన" అన్నారు. (నవ్వులు) నేనూ అంతే. నాకు ఇంట్లో తెలుగు, మగ్గం దగ్గర తెలుగు, దేవుడికి దణ్ణం పెట్టినా తెలుగే. లెక్కకి మాత్రం ఒడియా. కూరగాయల బజార్లో చిల్లర సరిచూసుకోవాలంటే ఈనాటికీ లోపల పణికియా, అంటే ఒడియా ఎక్కం, నడవాల్సిందే.

ఆ ఎక్కం నేను రెండో తరగతిలో నేర్చుకున్నాను. స్కూలు పేరు వద్దు, మాస్టారి పేరూ వద్దు. అప్పటికి నాకు ఒడియా అంతంతమాత్రం. ఆయన అడిగితే నిలబడి "ఏడెనిమిదులు యాభై ఆరు" అన్నాను. జవాబు తప్పు కాదు, భాష తప్పు. అరచేతి మీద బెత్తం పడింది. ఇంటికెళ్ళి మా మామ్మకి చెయ్యి చూపించాను. "ఏటిరా బాబూ, లెక్క రాలేదేటి?" అంది. వచ్చింది మామ్మా అన్నాను. "మరెందుకు కొట్టీసినాడు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ మాస్టారు కిర్రుచెప్పులు వేసుకునేవారు. వరండాలో ఆ చప్పుడు వినబడితే చాలు, అరచేతులు చెమట పట్టేవి. ఇప్పటికి 57 ఏళ్ళయింది. ఎక్కడైనా పెళ్ళిలో కొత్త చెప్పులు కిర్రుమంటే నాకు ముందు గుర్తొచ్చేది పెళ్ళికొడుకు కాదు. (నవ్వులు)

ఇప్పుడు నా ప్రశ్న. ఈ 57 ఏళ్ళు ఆ ఎక్కం, ఆ చెప్పుల చప్పుడు నాలో ఎక్కడ ఉన్నాయి? మెదడులో అంటారు. అది తెలిసిందే. మెదడు దేనితో తయారైంది? కణాలతో. కణంలో పని జరిపించేవి ప్రొటీన్లు. మెదడులో చాలా ప్రొటీన్ల ఆయుష్షు కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాలు. పాతది విరిగిపోతుంది, కొత్తది తయారై ఆ చోటికి వస్తుంది. అంటే ఆ రోజు బెత్తం దెబ్బ తిన్న పిల్లాడి మెదడులోని సరుకులో ఇప్పుడు నాలో మిగిలింది చాలా తక్కువ. సరుకంతా మారిపోయినా ఎక్కం మారలేదు. ఎలా?

ఈ ప్రశ్న నాది కాదు. ఫ్రాన్సిస్ క్రిక్ అడిగింది. 1953లో వాట్సన్‌తో కలిసి డీఎన్ఏ ఆకారం చెప్పిన ఆయనే. పెద్దవయసులో ఆయన మెదడు మీద పడ్డాడు. 1984లో నేచర్ పత్రికలో చిన్న వ్యాసం రాసి సరిగ్గా ఇదే అడిగాడు: అణువులు నిలవకపోతే జ్ఞాపకం ఎలా నిలుస్తుంది? ఒక ఉపాయం కూడా ఊహించాడు. దాన్ని క్రిక్ మాటల్లో చెబితే మనకి పట్టదు, మా మామ్మ చేతుల్లో చూపిస్తాను.

ఇక్కడ నేతపని వాళ్ళు చాలామంది ఉన్నారు, తప్పు చెబితే దిద్దండి. మగ్గం మీద పడుగు అయిపోవచ్చింది. కొత్త పడుగు ఎక్కించాలి. పాత పడుగు మొత్తం లాగేస్తే దువ్వెన లాంటి అచ్చు సందుల్లోకి వేల పోగుల్ని మళ్ళీ ఒక్కొక్కటిగా దూర్చాలి. ఎవరూ అలా చెయ్యరు. పాత పోగుల చివర్లు జానెడు అలాగే ఉంచేస్తారు. మా మామ్మ ఆ చివర్ల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేది. పక్కన కొబ్బరిచిప్పలో బూడిద. బొటనవేలికీ చూపుడువేలికీ కాస్త బూడిద రాసుకుని, పాత పోగు కొస, కొత్త పోగు కొస పక్కపక్కన పెట్టి ఒక్క మెలి తిప్పేది. ముడి కనబడేది కాదు. ఆ తరవాత పోగు. ఆ తరవాతది. పూటంతా అదే పని. అన్నీ అతికాక మెల్లగా ముందుకి లాగితే కొత్త పోగులన్నీ పాత వాటి వెంటబడి తమ తమ సందుల్లోకి వాటంతట అవే వచ్చేసేవి. పట్టు అంతా కొత్తదే. అమరిక మాత్రం పాతదే.

క్రిక్ ఊహించిన ఉపాయం ఇదే. అణువులు జంటగా ఉండాలి, జంటలో రెంటి మీదా ఒకే గుర్తు ఉండాలి. ఒకటి పాడైపోయి కొత్తది వస్తే, మిగిలిన పాతదాన్ని చూసి కొత్తదాని మీద గుర్తు పెట్టే ఎంజైమ్ ఒకటి ఉండాలి. రెండూ ఒకేసారి పోకూడదు, అంతే షరతు. ఆయన ముఖ్యంగా ప్రొటీన్ల గురించి ఆలోచించాడు. కానీ ఇలాంటి ఏర్పాటు డీఎన్ఏ మీదే ఉండవచ్చని 1975లోనే శాస్త్రవేత్తలు రాశారు. డీఎన్ఏకి రెండు పోగులు. ఒక పోగు మీద మిథైల్ అనే చిన్న గుర్తు ఉంటే, ఎదుటి కొత్త పోగు మీద అదే చోట ఆ గుర్తు పెట్టే ఎంజైమ్ మన ఒంట్లో నిజంగానే ఉంది. ఇక అసలు విషయంలోకి వెళ్దాం.

మీ కాలేయంలోని కణంలోనూ, మెదడులోని న్యూరాన్‌లోనూ ఉన్న డీఎన్ఏ ఒక్కటే. ప్రొటీన్లకి సంబంధించిన జన్యువులు సుమారు 20 వేలు, రెండుచోట్లా అవే. మరి ఒకటి పసరు తయారుచేస్తుంది, ఇంకోటి పాఠం గుర్తుపెట్టుకుంటుంది. తేడా ఎక్కడ? ఇదీ మగ్గం మీదే చూడొచ్చు. పడుగు ఒకటే వేశారు. అంచు మీద కుంభం రావాలా, తీగ రావాలా అనేది ఏం చెబుతుంది? జకార్డు అట్ట. అట్టలో ఎక్కడ కంత ఉంటే అక్కడి పోగు లేస్తుంది, కంత లేనిచోట పోగు పడుకునే ఉంటుంది. పోగు మారలేదు, లేచిందా లేదా అన్నదే. డీఎన్ఏ అక్షరాలు మారకుండా, ఏ జన్యువు లేవాలి, ఏది పడుకోవాలి అని చెప్పే గుర్తుల శాస్త్రమే ఎపిజెనెటిక్స్. ఈ మాటని 1942లో వాడుకలోకి తెచ్చినవాడు కాన్రాడ్ వాడింగ్టన్ అనే జీవశాస్త్రజ్ఞుడు. అప్పటికి డీఎన్ఏ ఆకారం కూడా ఎవరికీ తెలియదు.

మన రుషికుల్యా మొగలో గుడ్లు పెట్టే తాబేళ్ళనే చూడండి. లక్షల్లో వస్తాయి. గుడ్డులో ఉన్నది ఆడో మగో పుట్టుకతో నిర్ణయం కాదు. ఇసక వేడిగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి. వేడి సంగతి జన్యువు దాకా ఎలా చేరుతుందో వేరే జాతి తాబేలు మీద 2018లో తేల్చారు. చల్లగా ఉన్నప్పుడు ఒక ఎంజైమ్ పనిచేసి మగ జన్యువుని పడుకోబెట్టిన గుర్తును చెరిపేస్తుంది. ఆ ఎంజైమ్‌ని ఆపేస్తే చల్లటి చోట కూడా చాలా మటుకు ఆడ పిల్లలే. అంటే బయటి లోకం లోపలి అట్టకి కంతలు పొడవగలదు.

గుర్తులు చాలా రకాలు. రెండు తెలిస్తే ఇవాళ్టికి చాలు. ఒకటి ఇందాక చెప్పిన మిథైల్, ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు. జన్యువు మొదట్లో ఇవి గుంపుగా కూర్చుంటే మామూలుగా ఆ జన్యువు పడుకుంటుంది. రెండోది ఎసిటైల్. దీనికి ముందు మీకు నూలు చుట్టే కండె గుర్తు రావాలి. ఒక్కో కణంలో డీఎన్ఏ చాపితే దాదాపు రెండు మీటర్లు. అది ఉండే కేంద్రకం మిల్లీమీటరులో సుమారు నూరో వంతు. అంత పొడుగు అంత ఇరుకులో చిక్కుపడకుండా ఉండాలంటే చుట్టాలి కదా. హిస్టోన్లు అనే ఎనిమిది ప్రొటీన్ల ముద్ద ఒక కండె. దాని చుట్టూ 147 అక్షరాల డీఎన్ఏ రెండు చుట్లకి కాస్త తక్కువగా చుట్టుకుంటుంది. అలాంటి కండెలు ఒక్కో కణంలో కోట్లలో ఉంటాయి. హిస్టోన్‌ది ధనావేశం, డీఎన్ఏది రుణావేశం, అందుకే బిగిసి పట్టుకుంటుంది. ఎసిటైల్ వచ్చి హిస్టోన్ తోకకి తగులుకుంటే ఆ ధనావేశం తగ్గి పట్టు సడలుతుంది. సడలిన చోట జన్యువుని చదవడం తేలిక. ఎసిటైల్‌ని తగిలించే ఎంజైములు కొన్ని, ఊడదీసేవి కొన్ని. రోజంతా ఈ రెండు గుంపుల పంచాయితీయే.

న్యూరాన్లు మన మెదడులో 8,600 కోట్ల దాకా ఉంటాయని లెక్క. వాటిలో చాలా మటుకు మనతో పుట్టి మనతోనే పోతాయి, విభజన చెందవు. అలాంటి కణంలో ఈ గుర్తులు పుట్టినప్పుడు ఒకసారి పడి ఇక కదలవేమో అని చాలాకాలం అనుకున్నారు. అలా కాదనీ, నేర్చుకున్నప్పుడల్లా కదులుతున్నాయనీ గట్టిగా బయటపడింది ఈ పాతికేళ్ళలోనే.

ఎలుకల సంగతి చెబుతాను. ఎలుకని కొత్త పెట్టెలో వదులుతారు. కాసేపు తిరుగుతుంది. తరవాత కాళ్ళకింద చిన్న కరెంటు షాక్. మర్నాడు అదే పెట్టెలో పెడితే షాక్ ఇవ్వకుండానే కదలకుండా బిగుసుకుపోతుంది. వరండా, కిర్రుచెప్పులు, నేను. అదే బొమ్మ. 2007లో అలబామాలో కోర్ట్నీ మిల్లర్, డేవిడ్ స్వెట్ అనే ఇద్దరు ఈ ఎలుకల హిప్పోకాంపస్ చూశారు. కొత్త జ్ఞాపకానికి తొలి మజిలీ అనదగ్గ భాగం అది. షాక్ తగిలిన గంటలోనే అక్కడ రెండు జన్యువుల మీద గుర్తులు మారాయి. జ్ఞాపకానికి సాయపడే రీలిన్ జన్యువు మీద మిథైల్ తగ్గింది. జ్ఞాపకాన్ని అణిచే ఇంకో జన్యువు మీద పెరిగింది. ఒకటి లేచింది, ఒకటి పడుకుంది. మిథైల్ పెట్టే ఎంజైముల్ని మందుతో ఆపేస్తే ఎలుకకి ఆ భయం జ్ఞాపకంగా నిలవలేదు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఒక రోజు గడిచేసరికి హిప్పోకాంపస్‌లో ఆ గుర్తులు మళ్ళీ మామూలుకి వచ్చేశాయి. మరి జ్ఞాపకమో? అది ఉంది. అదే బృందం 2010లో మెదడు పై పొరలో, అంటే కార్టెక్స్‌లో వెతికింది. అక్కడ ఇంకో జన్యువు మీద మిథైల్ నెల రోజుల తరవాత కూడా నిలిచే ఉంది. నెల తరవాత ఆ చోట మిథైల్ ఎంజైముల్ని ఆపితే పాత జ్ఞాపకం చెదిరింది. తాత్కాలికంగా ఒకచోట, తరవాత శాశ్వతంగా ఇంకోచోట. చిట్టాలో రాసిన పద్దుని ఆవర్జాకి ఎక్కించినట్టు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే రేపు వాట్సాప్‌లో ఇంకోలా తిరుగుతుంది. "ఛపన" అనే మాట ఏ మిథైల్ మీదా రాసి ఉండదు. డీఎన్ఏ విప్పి చూస్తే మా మాస్టారి మొహం కనబడదు. జ్ఞాపకంలోని సంగతి ఉండేది ఏ న్యూరాన్ దేనితో ఎంత గట్టిగా ముడిపడింది అన్న అల్లికలో. ఈ గుర్తులు చేసేది ఆ ముడి నిలవడానికి కావలసిన ప్రొటీన్ల సరఫరా ఆగకుండా చూడడం. అంచు మీది కుంభం అట్టలో ఉందా, చీరలో ఉందా? కనబడేది చీరలో. అట్ట లేకపోతే మాత్రం రాదు.

అసలు ఏ న్యూరాన్ జ్ఞాపకంలోకి వస్తుంది అన్నదాంట్లో కూడా ఈ గుర్తుల పాత్ర ఉందని 2024లో స్విట్జర్లాండ్ లోజాన్‌లోని యోహానెస్ గ్రెఫ్ ప్రయోగశాల సైన్స్ పత్రికలో చూపించింది. ఎలుకలో ఎసిటైల్ ఎక్కువుండి డీఎన్ఏ సడలి ఉన్న న్యూరాన్లే ఆ భయాన్ని దాచుకునే పనికి ఎక్కువగా ఎంపికయ్యాయి. వాళ్ళు కావాలని కొన్ని న్యూరాన్లలో ఎసిటైల్ పెంచితే జ్ఞాపకం బాగా నిలిచింది. ముందే ఎవరు సిద్ధంగా ఉంటే పని వాళ్ళకి.

ఈ సభకి పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు చాలామంది వచ్చారని నిర్వాహకులు చెప్పారు. మీకు నచ్చని మాట ఒకటి చెబుతాను.

ఎరిక్ కాండెల్ అనే ఆయన సముద్రపు నత్త మీద పనిచేసి 2000లో నోబెల్ తీసుకున్నాడు. నత్త న్యూరాన్లని గాజు గిన్నెలో పెంచి, వాటి మీద సెరొటోనిన్ అనే నాడీ రసాయనం చుక్క ఒకసారి వదిలితే ముడి కాసేపు బలపడి సడలిపోయేది. మధ్య మధ్య విరామమిచ్చి అయిదుసార్లు వదిలితే ఆ బలం రోజు దాటి నిలిచేది. తేడా ఏమిటంటే, ఒకసారికి ముడి దగ్గరున్న సరుకుతో సరిపెట్టుకుంటుంది, కేంద్రకానికి కబురు వెళ్ళదు. అయిదుసార్లకి కబురు కేంద్రకం దాకా వెళ్ళి, క్రెబ్ అనే ప్రొటీన్ లేచి, ఎసిటైల్ తగిలించే ఎంజైమ్‌ని వెంటబెట్టుకుని జన్యువుల దగ్గరికి వెళ్తుంది. కండె సడలుతుంది, జన్యువు లేస్తుంది, కొత్త ప్రొటీన్లు తయారవుతాయి. ఇదంతా గంటల పని. పరీక్ష ముందు రాత్రి టీ తాగించి, టెన్షన్ పెట్టి, రెండింటి దాకా కూర్చోబెట్టి ఒకే పాఠం పదిసార్లు బట్టీ పట్టిస్తే కేంద్రకానికి ఆ గంటలు ఎవరిస్తారు? చదివింది ఒకేసారి బట్టీ పట్టకుండా, మధ్య మధ్య విరామమిచ్చి కొన్ని రోజులపాటు తిరగేస్తే బాగా నిలుస్తుందని ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ 1885లోనే తనమీద తనే ప్రయోగాలు చేసుకుని రాశాడు. అది కణంలో ఎందుకు నిజమో తెలియడానికి వందేళ్ళు పట్టింది. నిద్ర సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు. పిల్లాడు పడుకుంటే చదువు ఆగిందని లైటు వెయ్యకండి.

ఊడదీసే ఎంజైముల గురించి ఒక్క ప్రయోగం. ఎలుకకి ఒక వస్తువుని మూడు నిమిషాలు చూపిస్తే మర్నాటికి మరిచిపోతుంది. ఎసిటైల్‌ని ఊడదీయకుండా ఆపే సోడియం బ్యూటిరేట్ అనే మందిస్తే, అదే మూడు నిమిషాల చూపు వారం తరవాత కూడా గుర్తుంది. 2009లో కాలిఫోర్నియాలో మార్సెలో వుడ్ బృందం చేసింది ఇది. దీన్నిబట్టి మరుపు ఊరికే జరిగే జారుడు కాదు. కణం బ్రేకు వేసుకుని కూర్చుంటుంది, ఇది నిలపదగ్గదే అని గట్టిగా చెబితే తప్ప బ్రేకు తియ్యదు. నాకిది చాలా నచ్చిన సంగతి. రోజుకి ఎన్ని చూస్తాం! అన్నీ నిలిస్తే బతగ్గలమా?

అదే బ్రేకు ముసలితనంలో మరీ బిగిసిపోతే? మా మామ్మకి చివరి మూడేళ్ళు మతిమరుపు జబ్బు. నన్ను మా నాన్న అనుకునేది, కొన్నాళ్ళకి ఎవరో అనుకునేది. 2007లో బోస్టన్ దగ్గర లీ హువే సాయ్ బృందం న్యూరాన్లు బాగా చచ్చిపోయిన ఎలుకల్ని తీసుకుంది. అవి నేర్చుకున్నది మరిచిపోయాయి. వాటిని బొమ్మలు, నిచ్చెనలు, చక్రాలున్న పెద్ద పంజరంలో కొన్ని వారాలు ఉంచితే కొన్ని పాత జ్ఞాపకాలు తిరిగొచ్చాయి. సోడియం బ్యూటిరేట్ ఇచ్చినా వచ్చాయి. అంటే ఆ జ్ఞాపకాలు పోలేదు, దారి మూసుకుపోయింది. ఇది ఎలుకల మాట. మనుషుల మతిమరుపు జబ్బుకి ఈ దారిన మందు రాలేదు, వచ్చిందని ఎవరైనా అమ్మజూపితే కొనకండి. కానీ మామ్మ విషయంలో ఒకటి చూశాను. నా పేరు తెలియని రోజుల్లో, మా నాన్న పడుగు అతుకుతుంటే పక్కన కూర్చోబెట్టాం. కాసేపు చూసింది. కొబ్బరిచిప్ప దగ్గరికి లాక్కుంది. వేళ్ళకి బూడిద రాసుకుని రెండు కొసలు తీసి మెలి తిప్పేసింది. ముడి కనబడలేదు. చేతిపని జ్ఞాపకానికి మెదడులో వేరే దారి ఉందని శాస్త్రానికి తెలుసు, పుస్తకాల్లో నేనే చెప్పేవాణ్ణి. ఆరోజు మాత్రం గోడవైపు తిరిగి నిలబడాల్సి వచ్చింది.

తల్లుల సంగతి ఒకటి ఉంది, అది చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్తి. చెబితే గొడవ. 2004లో మాంట్రియల్‌లో మైఖేల్ మీనీ, మోషే షిఫ్ బృందం ఒకటి చూపించింది. పుట్టిన మొదటి వారంలో పిల్లల్ని బాగా నాకి సవరదీసే తల్లి ఎలుక, అలా చెయ్యని తల్లి ఎలుక. రెండో తల్లి పిల్లల మెదడులో ఒత్తిడిని అదుపుచేసే జన్యువు మీద మిథైల్ ఎక్కువ, అవి పెద్దయ్యాక చిన్నదానికే బెదిరిపోతాయి. పిల్లల్ని తారుమారు చేసి పెంచితే పెంచిన తల్లిని బట్టే గుర్తు పడింది, కన్నతల్లిని బట్టి కాదు. మందుతో ఆ గుర్తుని పెద్దయ్యాక కూడా మార్చగలిగారు. దీన్ని పట్టుకుని "పిల్లాడు చదవట్లేదంటే తల్లి సరిగ్గా చూసుకోలేదు" అనేవాళ్ళు తయారయ్యారు. అత్తగార్లకి కొత్త ఆయుధం దొరికినట్టయింది. (నవ్వులు) ఆ ఎలుక ఎందుకు నాకలేదు అని ఎవరూ అడగరు. ఎలుకల్లోనే, తల్లిని బెదరగొట్టి ఒత్తిడిలో పెడితే నాకడం తగ్గిపోతుంది. ముందు ఆ ఇంట్లో ఆ తల్లికి తిండి, నిద్ర, నెమ్మది ఉన్నాయో లేదో చూడండి.

తాగుడు గురించి రెండే మాటలు. కాలేయం సారాని విరగ్గొడితే ఎసిటేట్ వస్తుంది. అది రక్తంలో మెదడుకి చేరి, అక్కడ హిస్టోన్ల మీద ఎసిటైల్‌గా కూర్చుంటుందని 2019లో పెన్సిల్వేనియాలో షెల్లీ బర్గర్ బృందం ఎలుకల్లో చూపించింది. తాగిన చోటు ఏదో ఎలుక గట్టిగా గుర్తుపెట్టుకుంది. ఆ దారిని మూసేస్తే గుర్తుపెట్టుకోలేదు. గర్భంతో ఉన్న ఎలుకకి పోస్తే పిల్ల మెదడులోకీ చేరింది. ఇప్పసారా అయినా సీసాలోదైనా కాలేయం చేసేది అదే పని.

ఇక ప్రశ్నలు అడగండి. నా మాటలకంటే అవే బాగుంటాయి.

*(ఒక తండ్రి: జ్ఞాపకశక్తికి పొడులు, టానిక్కులు టీవీలో చూపిస్తున్నారు. మీరు చెప్పిన ఎసిటైల్ మందు పిల్లలకి ఇవ్వొచ్చా?)*

వద్దు బాబూ. ఎసిటైల్‌ని ఊడదీయకుండా ఆపే మందుల్లో ఒకటి వోరినోస్టాట్. 2006లో అమెరికాలో ఒక రకం చర్మ క్యాన్సరుకి అనుమతించారు. క్యాన్సరుకి వాడే మందది. ఇంకోటి మీలో కొందరి ఇళ్ళలోనే ఉండొచ్చు, మూర్ఛకి ఇచ్చే వాల్‌ప్రోయేట్. అదీ ఈ పని చేస్తుంది. గర్భిణులు వాడితే బిడ్డ వెన్నుకి, తెలివితేటలకి హాని జరిగే ప్రమాదం ఉందని డాక్టర్లు చాలా జాగ్రత్త పడతారు. అలాగని ఇప్పుడు వాడుతున్నవాళ్ళు సొంతంగా మానెయ్యకండి, డాక్టర్ని అడగండి. మందుకి మీవాడి ఎక్కాల జన్యువు ఏదో తెలియదు. ఒంట్లో అన్ని కండెలూ సడలిస్తుంది. టీవీ పొడుల సంగతంటారా, దానికి నేను అక్కర్లేదు, మీ జేబు చెబుతుంది.

*(ఒక తల్లి: ఇంట్లో తెలుగు, స్కూల్లో ఒడియా, పుస్తకాల్లో ఇంగ్లీషు. మూడు భాషలతో మా పాప బుర్ర గజిబిజి అవుతుందేమోనని భయం.)*

అవదమ్మా. చిన్నపిల్లలు రెండు మూడు భాషలు కలిపి మాట్లాడితే అది కొన్నాళ్ళ ముచ్చట. పెద్దవాళ్ళకే కష్టం, అయినా అసాధ్యం కాదు. మన పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు పెద్దయ్యాక సవర భాష నేర్చుకున్నారు. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, కొండల్లోకి వెళ్ళి, మాట మాట రాసుకుని నేర్చుకున్నారు. మలేరియాకి మింగిన క్వినైను వల్ల వినికిడి పాడైందంటారు. ఆ చెవులతోనే ఆ భాషకి నిఘంటువు తయారుచేశారు. మీ పాపకి చెవులు బాగానే ఉన్నాయి కదా. ఇంట్లో తెలుగు మాత్రం మానెయ్యకండి.

*(ఒక యువకుడు: మా నాన్న, తాత నేతగాళ్ళు. వాళ్ళ చేతి నేర్పు ఈ గుర్తుల ద్వారా నాకు పుట్టుకతో వస్తుందా?)*

మంచి ప్రశ్న. రాదు. బీజకణాలు తయారయ్యేటప్పుడు ఒకసారి, పిండం ఏర్పడిన తొలి రోజుల్లో ఇంకోసారి ఈ గుర్తులు చాలా మటుకు తుడిచిపెట్టుకుపోతాయి. కొత్త మగ్గం, కొత్త అట్టలు. కొన్ని తప్పించుకుంటాయి. 1944-45 శీతాకాలంలో నెదర్లాండ్స్‌లో కరువొచ్చింది. ఆ కరువు నెలల్లో తల్లి కడుపులో పడినవాళ్ళలో ఎదుగుదలకి సంబంధించిన ఒక జన్యువు మీద మిథైల్ తక్కువగా ఉందని అరవై ఏళ్ళ తరవాత కొలిచి చూశారు. కానీ గమనించు, అది కడుపులో ఉండగా ఆ బిడ్డకే తగిలిన ఆకలి, తాత దగ్గరనుంచి వచ్చిన జ్ఞాపకం కాదు. తండ్రి ఎలుక నేర్చుకున్న వాసన భయం మనవడి దాకా వెళ్ళిందని 2014లో ఒక పరిశోధన వచ్చింది, దానిమీద ఇంకా వాదనలు నడుస్తున్నాయి. నేనైతే నమ్మడానికి తొందరపడను.

నీకు పడుగు అతకడం వచ్చా?

*(యువకుడు: రాదండి. నేను సూరత్‌లో మిల్లులో పనిచేస్తాను. సెలవుకి వచ్చాను.)*

సెలవు ఎన్ని రోజులు?

*(యువకుడు: ఇంకా పదకొండు రోజులుంది.)*

అయితే చాలా టైముంది. ఇవాళ ఇంటికెళ్ళి ఒక గంట కూర్చో. రేపు కూర్చోకు, ఎల్లుండి కూర్చో. మొదటి రోజు పోగులు తెగుతాయి, బూడిద ఎక్కువైపోతుంది, మీ నాన్న తిడతారు. తిట్టనీ.